ముక్కుమీది కోపమునకు మందు

అష్టావధానము జరుగుచున్న సభలో కూర్చుండి చూచినవారెవరైనను ఒక సంగతి గమనించియుందురు. ఒక పృచ్ఛకుడు సమస్య నిచ్చి, మరియొకడు నిషిద్ధాక్షరికై కాచుకొని, ఇంకొకడు దత్తపదికి నాలుగు పదములు విసరి, వెనుకనున్న వేఱొకడు తనకు తోచినప్పుడెల్ల గంట మ్రోగించి చివర లెక్క చెప్పుమనుచుండగా, ఇన్నిటి నడుమ అప్రస్తుత ప్రసంగి యను నొకాయన లేచి, అవధానిగారి పంచె అంచును గూర్చియో, నిన్నటి విందులోని వంకాయకూరను గూర్చియో కొంటెప్రశ్న యొకటి వేయును. తక్కిన పృచ్ఛకులు అవధానిగారి ధారణను పరీక్షింతురు గాని, ఈయన పరీక్షించునది ఆయన ఓర్పును. అవధాని చిఱాకుపడినచో పద్యము చెడును. పద్యము చెడుచున్నదన్న బెదురు పుట్టినచో చిఱాకు హెచ్చును. ఏకాగ్రతయు శాంతమును వేర్వేఱు గుణములని మనము మాటలలో విడదీసి చెప్పుకొందుము గాని, ఆ వేదికపై వానిని విడదీయుట ఎవరికిని సాధ్యము కాదు.

ఈ సంగతి ఇచ్చట ఎత్తుటకు కారణమున్నది. వైద్యులు ఏడీహెచ్‌డీ యని పిలుచు రుగ్మతను మనవారు కొందఱు ‘అవధానలోప’మని తెనిగించిరి. అనువాదము చెడ్డది కాదు. కాని ఆ పేరు, దాని మూలమువలెనే, సగము కథ మాత్రమే చెప్పును. మనస్సు ఒకచోట నిలువకుండుట, కాలుసేతులు ఊరకుండకుండుట, ముందువెనుకలు చూడక పనిలోనికి దుముకుట — ఈ మూడును లక్షణములుగా గ్రంథముల కెక్కినవి. నాలుగవది యొకటి కలదు. అది మాత్రము గ్రంథముల గడప యొద్దనే నిలిచిపోయినది. ఆవేశమును అదుపులో నుంచుకొనలేకపోవుటయే ఆ నాలుగవది. పెద్దవారిలో ఈ నాలుగవ లక్షణముపై మందులు పనిచేయునా, చేసినచో ఎంతమేరకు, ఏ మార్గమున, అను ప్రశ్నల చుట్టు జరిగిన పరిశోధనయే నేనిప్పుడు చెప్పబోవునది.

ఏడీహెచ్‌డీ బాల్యమున మొదలగునదే యైనను బాల్యముతో ముగిసిపోవునది కాదు. పెద్దవారిలో నూటికి రెండు మూడుగురు దీనితో బాధపడుచున్నారని వివిధ దేశముల లెక్కలను క్రోడీకరించినవారు తేల్చిరి. అట్టివాని నొకనిని ఊహించుకొందము. ముప్పదియైదేండ్ల గృహస్థు, బుద్ధికి కొదువ లేదు, కార్యాలయమున కాగితము లెన్నియో సగము సగముగా పడియుండును. సాయంకాలము ఇంటికి వచ్చి చెప్పులు విడుచుచుండగా, ‘కరెంటు బిల్లు కట్టినారా?’ అని భార్య అడుగును. ఆ ప్రశ్నలో ములుకేదియు లేదు. ఐనను ఆయన ముఖము జేవురించును, కంఠము హెచ్చును, చేతిలోని సంచి గోడకు తగులును. అరగంట గడచునప్పటికి ఆ కోపము జాడయైన ఉండదు. కాఫీ యడుగును, నవ్వును. ఇంటిల్లిపాదియు ఇంకను ఏల ముభావముగా నున్నారో ఆయనకు బోధపడదు. దీనిని మన యిండ్లలో పాలపొంగు కోపమందురు. పాలు చూచుచుండగనే పొంగి, చూచుచుండగనే అణగును. పొయ్యి తుడుచుకొనవలసినది మాత్రము వేఱొకరు. కోపమొక్కటే కాదు; చిన్న నిరాశకు కుంగిపోవుట, చిన్న మెప్పునకు మిన్నులు ముట్టుట, నలుగురిలో ఒకరు పలుకరింప మఱచినచో తన్ను వెలివేసినట్లే గాయపడుట, ఇవన్నియు ఆ పొంగులోనివే.

కోపము రానివాడెవడు? కావున ఇది రోగమా, స్వభావమా యను సందేహము న్యాయమైనదే. భేదమంతయు వేగమునందును, తఱచుదనమునందును, కారణమునకును ఫలితమునకును నడుమ నుండవలసిన పొత్తు లేకుండుటయందును కలదు. ఉన్మాదమును విషాదమును మార్చి మార్చి వచ్చు బైపోలార్ వ్యాధిలో ఒక్కొక్క దశ దినములతరబడి, వారములతరబడి సాగును; ఇచ్చట గడియలలో వచ్చి గడియలలో పోవును, పైగా పోయిన పిదప మనిషి యథాస్థితిలోనే యుండును. లండనులో కరోలైన్ స్కిర్రో, ఫిలిప్ ఆషెర్సన్ మొదలగువారు 2014లో ప్రకటించిన యొక పరిశీలనలో, ఏడీహెచ్‌డీ గల పురుషులు 41 మందిచేతను, లేనివారు 47 మందిచేతను నిత్యజీవితము మధ్యలోనే, దినమునకు పలుమారులు, ఆ క్షణమున తమ మనఃస్థితి యెట్లున్నదో నమోదు చేయించిరి. రోగులలో ఆవేశముల ఎగుడుదిగుడులు స్పష్టముగా హెచ్చుగా నున్నవి. వానిలో కొన్ని బయటి సంఘటనలకు ప్రతిక్రియగా పుట్టినవి, కొన్ని ఏ సంఘటనయు లేకయే లోపలినుండి లేచినవి. ఈ రెండవ మాట రోగి ఇంటివారు వినదగినది. ‘నేనేమన్నానని?’ యని వా రడుగు ప్రశ్నకు, ఏమియు అనలేదనియే సమాధానము కావచ్చును.

ఈ నాలుగవ లక్షణము క్రొత్తగా కనుగొన్నదని యెవరైన తలంచినచో పొరపాటు. 1902లో లండను రాజవైద్య కళాశాలలో జార్జి స్టిల్ అను శిశువైద్యుడు మూడుపన్యాసము లిచ్చెను. బుద్ధిమాంద్యము లేకయే నడవడిని నిగ్రహించుకొనలేని బాలుర నాయన వర్ణించిన తీరును నేటి ఏడీహెచ్‌డీ చరిత్రకారులు మూలగ్రంథమువలె చూతురు. ఆ బాలుర దోషములను వరుసగా లెక్కించునప్పుడు స్టిల్ మొట్టమొదట పేర్కొన్నది చంచలత్వమును కాదు, పరాకును కాదు, ఉద్రేకమును.

మందు కథయు అట్లే మొదలైనది. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రమున, మెదడువాపు వ్యాధిచే వికలాంగురాలైన తమ కుమార్తె ఎమ్మా జ్ఞాపకార్థము బ్రాడ్లీ దంపతులు విడిచిపోయిన సొమ్ముతో బాలుర చికిత్సాలయ మొకటి వెలసెను. వారి బంధువు చార్లెస్ బ్రాడ్లీ దాని వైద్యాధికారి. ఆ దినములలో మెదడును ఎక్స్‌రేలో చూడవలెనన్నచో వెన్నుపాము చుట్టునుండు ద్రవమును తీసి గాలి నెక్కింపవలసి యుండెను. ఆ పరీక్ష తరువాత పిల్లలకు భరింపరాని తలనొప్పి వచ్చుచుండెను. ఆ ద్రవము మరల త్వరగా ఊరునేమో యన్న యాశతో బ్రాడ్లీ వారికి బెంజిడ్రీన్ అను ఉత్తేజకమును ఇచ్చి చూచెను. తలనొప్పి తగ్గలేదు గాని, పిల్లలు లెక్కలు చేయుటకు తామై కూర్చుండిరి. ‘లెక్కల మాత్రలు’ అని వారే ముద్దుపేరు పెట్టిరట! 1937లో ఆయన 30 మంది పిల్లలపై ప్రకటించిన పత్రమున చదువులో అద్భుతముగా పురోగమించినవారు 14 మంది యని యున్నది. ఈ మాటను అందఱును ఉదహరింతురు. అదే పత్రమున 15 మంది పిల్లల భావోద్వేగములు స్పష్టముగా నెమ్మదించినవని కూడ నున్నది. దీనిని ఉదహరించువారు తక్కువ. ఉత్తేజకము శాంతపఱచుట యేమని బ్రాడ్లీయే ఆశ్చర్యపడెను. చదువుకన్న ఒకరు ఎక్కువగా శాంతించిరన్న ఆ అంకెను పైతరమువారు పట్టించుకొనియుండినచో, ఈ వ్యాసమునకు విషయము అరువదియేండ్లు ముందే దొరకియుండెడిది.

అటుపిమ్మట 1944లో స్విట్జర్లండు దేశమున బాజెల్ నగరమందలి సీబా సంస్థలో లియాండ్రో పానిజోన్ అను రసాయనజ్ఞుడు మిథైల్‌ఫెనిడేట్‌ను తయారుచేసెను. ఆయన భార్య మార్గరీట్‌కు రక్తపుపోటు తక్కువ. టెన్నిసు ఆటకు ముందు ఆమె దానిని పుచ్చుకొని చుఱుకుగా ఆడుచుండెనట. ఆమె ముద్దుపేరు రీటా. మందుకు రిటాలిన్ అను వ్యాపారనామ మట్లు వచ్చినది. ఒక గృహిణి టెన్నిసు ఆటకై పుచ్చుకొన్న మందు తరువాతి తరమున కోట్ల పిల్లల బడిసంచులలోనికి చేరుటకు చరిత్రలో వేఱు పోలిక నాకు తోచుట లేదు.

ఇక గ్రంథములనుండి ఆవేశము జారిపోయిన వైనము చెప్పవలెను. అమెరికా మనోవైద్యసంఘమువారి రోగనిర్ణయ గ్రంథము రెండవ కూర్పు 1968లో వెలువడినప్పుడు, ఈ వ్యాధిని బాల్యమునందలి అతిచలన ప్రతిక్రియ యని పేర్కొని, కౌమారమున సాధారణముగా తగ్గిపోవునని వ్రాసిరి. 1980 నాటి మూడవ కూర్పులో అవధానమునకు పెద్దపీట వేసిరి. ఆవేశము ‘కూడ కనిపించునట్టి’ అనుబంధలక్షణముల వరుసలోనికి దిగెను. ఏల? పిల్లవాడు ఎన్నిసారులు పీటమీదనుండి లేచెనో ఉపాధ్యాయుడు లెక్కపెట్టగలడు. ఎన్ని తప్పులు చేసెనో ఎఱ్ఱసిరాతో గుర్తింపగలడు. ఎంత బాధపడెనో ఎట్లు లెక్కించును? లెక్కకు లొంగినది లక్షణమైనది, లొంగనిది అనుబంధమైనది. ఇది నా ఊహ మాత్రమే కావచ్చును గాని, విజ్ఞానచరిత్రలో ఇట్టి యన్యాయము జరుగుట ఇదియే మొదలు కాదు.

ఆ ప్రవాహమున కెదురీదినవాడు యూటా విశ్వవిద్యాలయపు మనోవైద్యుడు పాల్ వెండర్. ఈ వ్యాధి పెద్దవారిలోను నిలిచియుండునని ఎవరును నమ్మని కాలమున, ఆయన తన సహచరులు వుడ్, రైమ్‌హెర్ మొదలగువారితో కలిసి, పెద్దవారైన 15 మంది రోగులను గూర్చి 1976లో ఒక పత్రము ప్రకటించెను. వారు నిలకడలేనివారు, శీఘ్రకోపులు. చిన్ననాడు ఎట్లుండెడివారని తల్లిదండ్రుల నడిగి తెలిసికొనిరి. 11 మందికి మిథైల్‌ఫెనిడేట్‌ను, మందులేని ఉత్తమాత్రను, ఏది యేదో రోగికిని వైద్యునికిని కూడ తెలియకుండ ఇచ్చి పోల్చి చూచిరి. చిన్న ప్రయోగమే గాని దారి తెఱచినది. తరువాత యూటా ప్రమాణములని పేరొందిన ఏడు లక్షణముల పట్టికను వెండర్ కూర్చెను. అందు మూడు ఆవేశమునకు సంబంధించినవి: మనఃస్థితి క్షణక్షణము మాఱుట, ముక్కుమీది కోపము, ఒత్తిడికి తాళలేక బెదరిపోవుట. ప్రపంచమంతయు అవధానమును కొలుచుచుండగా యూటాలో మాత్రము కోపమును కూడ కొలిచిరి. నేడు మనకు దొరకు గణాంకములలో పెక్కింటికి ఆ కొలతబద్దయే ఆధారము.

మందు మెదడులో చేయు పనిని కొంత వివరింపక తప్పదు. నుదుటి వెనుకనున్న మస్తిష్కభాగము మన అంతరంగములో ఇంటి పెద్దవంటిది. ఏది ముందు, ఏది వెనుక, ఏ మాట అనవచ్చును, ఏది మ్రింగుకొనవలెను అని నిర్ణయించునది అదియే. లోపల లోతున బాదంపప్పు ఆకారముగల అమిగ్డాలా యను చిన్నముద్ద కలదు. ప్రమాదమును, అవమానమును, లాభమును వాసనపట్టి తక్షణమే కేకవేయుట దాని పని. కేక వేయుట తప్పు కాదు. పులిని చూచినప్పుడు కేకయే ప్రాణము కాచును. ఆ కేకను విని ‘ఇది పులి కాదు, కరెంటు బిల్లు’ అని సర్దిచెప్పవలసినది ఇంటి పెద్ద. ఈ రెంటికిని, లాభాపేక్షను నడుపు భాగములకును నడుమ నున్న తంతువులలో లోపమే ఏడీహెచ్‌డీలోని ఆవేశమునకు మూలమై యుండవచ్చునని ఫిలిప్ షా మొదలైనవారు 2014లో అమెరికా మనోవైద్యపత్రికయందు ప్రకటించిన సమీక్షలో వాదించిరి. పెద్దవారైన రోగులలో సుమారు మూడవవంతునుండి మూడింట రెండువంతులవఱకు ఈ ఇబ్బంది కలదన్నది ఆ సమీక్షనుండి మనము గ్రహింపదగినది. హద్దులు ఇంత దూరముగా నుండుటకు ఒక్కొక్కరి కొలతబద్ద ఒక్కొక్కటి యగుటయే కారణము.

ఇంటి పెద్ద మాట చెల్లవలెనన్నచో నాడీకణముల నడుమ డోపమైన్, నోరడ్రినలిన్ అను రసాయనములు తగుపాటి యుండవలెను. ఒక కణము విడిచిన రసాయనమును అది మరల తోడుకొని లోనికి లాగికొనుటకు చిన్నచిన్న ఏతములు గలవు. మిథైల్‌ఫెనిడేట్ ఆ ఏతములను పట్టి నిలుపును. న్యూయార్కు రాష్ట్రమందలి బ్రూక్‌హేవెన్ పరిశోధనాలయములో నోరా వోల్కోవ్ బృందమువారు చిత్రణపరీక్షలచే, సాధారణ చికిత్సామోతాదులలో డోపమైన్ ఏతములలో సగమునకు పైగా ఆగిపోవునని చూపిరి. ఆంఫెటమైన్ జాతి మందులు ఏతమును ఆపుటయే కాక లోపలి నిలువను కూడ బయటికి నెట్టును. 2002లో అమెరికాలో అనుమతి పొందిన అటోమాక్సెటీన్ నోరడ్రినలిన్ ఏతములనే ఆపును. కాని నుదుటిభాగమున డోపమైన్‌ను తోడునదియు చాలవఱకు నోరడ్రినలిన్ ఏతమే యగుటచేత, అచ్చట రెండును పెరుగును. ఉత్తేజకములు గంటలో పనిచేయును, అటోమాక్సెటీన్ పూర్తిఫలమునకు వారములు పట్టును.

ఎక్కువైనచో ఇంకను మేలుకదా యని అనుకొనరాదు. యేల్ విశ్వవిద్యాలయమున ఏమీ ఆర్న్‌స్టెన్ జంతువులపై జరిపిన దీర్ఘపరిశోధనలో తేలినదేమనగా, నుదుటిభాగమునకు ఈ రసాయనములు తక్కువైనను, హెచ్చైనను పనిచెడును. నడుమ నొక ఇఱుకైన మంచిచోటు కలదు. పప్పులో ఉప్పువంటిది. మోతాదు మితిమీఱిన రోగులు చిడిముడిపడుటయు, లేదా నవ్వును ఏడ్పును లేని మొద్దుతనమునకు లోనగుటయు వైద్యుల కెఱుకైన సంగతి. కోపము తగ్గించుటకిచ్చిన మందే కోపము పుట్టింపగలదన్నమాట; అందుచే ‘మందు పనిచేయలేదు’ అని రోగి చెప్పినప్పుడు, చాలకనా, ఎక్కువయ్యెనా యని మొదట విచారింపవలెను.

ఇక అసలు లెక్కలు. అటోమాక్సెటీన్‌పై జరిగిన రెండు పెద్ద ప్రయోగములలోని 536 మంది వివరములను రైమ్‌హెర్ బృందము 2005లో మరల తిరుగవేసి చూడగా, నూటికి 32 మందిలో ఆవేశనిగ్రహలోపము యూటా కొలతపై స్పష్టముగా కనబడెను. వారికి మందువలన ఆ బాధయు తగ్గెను. జర్మనీలో రోస్లర్ ప్రభృతులు సుమారు 360 మందికి 24 వారములపాటు నెమ్మదిగా విడుదలయగు మిథైల్‌ఫెనిడేట్ నిచ్చి, ఆవేశలక్షణములు ఉత్తమాత్ర తిన్నవారికంటె తగ్గినవని చూపిరి. ఇట్టి ప్రయోగములన్నిటిని కూడగట్టిన విశ్లేషణలు రెండు ముఖ్యమైనవి. 2017లో మౌఖ్తారియన్ మొదలగువారు లెక్కగట్టిన ప్రభావపరిమాణము సుమారు 0.4, ఏడీహెచ్‌డీ ప్రధానలక్షణములపై దాదాపు 0.8. 2018లో లెంజీ, కోర్టీస్ మొదలగువారు మందులను విడివిడిగా చూచి, మిథైల్‌ఫెనిడేట్‌కు 0.34, అటోమాక్సెటీన్‌కు 0.24, లిస్‌డెక్సాంఫెటమైన్‌కు 0.50 అని తేల్చిరి. చివరిదానిపై ప్రయోగములు కొలదిగానే యున్నవని మఱువరాదు.

ఈ దశాంశములు పాఠకునికి ఏమి చెప్పును? మందు తిన్నవాని నొకనిని, ఉత్తమాత్ర తిన్నవాని నొకనిని చీట్లు వేసి తీసి, ఎవరు మేలుగా నున్నారో చూతము. మందు వట్టిదే యైనచో 100 జతలలో 50 జతలలో మందు తిన్నవాడు మేలుగా నుండును, అది కాకతాళీయము. ప్రభావము 0.8 అయినప్పుడు ఆ యంకె సుమారు 71, 0.4 అయినప్పుడు సుమారు 61. పరధ్యానము మొదలగు ప్రధానలక్షణములకు మందు గట్టిదే. ముక్కుమీది కోపమునకు అందులో సగమే. లేదని కాదు, తీఱునని కాదు.

సగమేల యన్న ప్రశ్నయే నాకు అన్నిటికంటె ఆసక్తికరముగా తోచును. మొదటి సమాధానము నిరాడంబరమైనది: ఈ ప్రయోగములలో దాదాపు అన్నియు అవధానమునకై పన్నినవి, ఆవేశమును ప్రక్కపనిగా కొలిచినవి. చేపలకై వేసిన వలలో పడిన తామరతూళ్లను లెక్కించి చెఱువులోని తామర యెంతయో చెప్పుటవంటిది. కోపముతో సతమతమగువారిలో పెక్కురు త్రాగుడు, తీవ్రమైన విషాదము, వ్యక్తిత్వరుగ్మతలవంటివానిచే ప్రయోగములకు అనర్హులగుదురు. చేరినవారు అంతగా కోపము లేనివారు. లేనిదానిని మందు ఎంత తగ్గింపగలదు? రెండవ సమాధానము లోతైనది. నుదుటిభాగము బలహీనమై పుట్టిన కోపము వేఱు, గాయపడి పుట్టిన కోపము వేఱు. చిన్ననాటినుండి ‘సోమరి’ యని, ‘మొద్దు’ యని, ‘ఇంకను పెద్దవాడవు కావా’ యని విని విని నొగిలిన మనస్సున గూడుకట్టిన రోషమును డోపమైన్ ఎట్లు కడుగును? ఒకే మనిషిలో ఈ రెండును పెనవేసికొని యుండును. కొలతబద్ద రెంటిని ఒక్కటిగనే చూచును.

దీనికి జైళ్లలోని ప్రయోగము లుదాహరణము. స్వీడన్‌లో నోర్‌టెల్యే కారాగారమున 30 మంది పురుషులపై యిల్వా గిన్స్‌బెర్గ్, లిండెఫోర్స్ జరిపి 2012లో ప్రకటించిన ప్రయోగమున మిథైల్‌ఫెనిడేట్ ప్రభావపరిమాణము 2.17 అని వచ్చెను. ఈ శాస్త్రమున అట్టి అంకె కనబడుటయే అరుదు, పలువురు సంబరపడిరి. సమాజమును వేధించు ఉద్రేకమునకు మందు దొరకినదన్న యాశ పుట్టెను. పిమ్మట ఆషెర్సన్ బృందము లండనులోని ఐసిస్ జైలునందును, స్కాట్లండులోని పోల్మాంట్‌నందును, 16 నుండి 25 ఏండ్ల యువకులు 200 మందిపై 8 వారములపాటు అదే మందును జాగ్రత్తగా పరీక్షించిరి. ఫలితము శూన్యము. పరధ్యానమునందును, చంచలత్వమునందును, ఆవేశమునందును కూడ మందుకును ఉత్తమాత్రకును చెప్పుకొనదగిన భేదము లేదు. 30 మందిలో మహిమవలె కనబడినది 200 మందిలో మాయమగుట గణితమున కాశ్చర్యము కాదు. కాని ఆవేశము మాట యటుంచి, అవధానమునందైనను మేలు కనబడకపోవుట కేమి కారణము? ఆ యువకులలో పలువురికి మాదకద్రవ్యములు, బాల్యపు దెబ్బలు, నిద్రలేమి తోడుండును. జైలనునది మనిషిని నిరంతరము చుఱుకుపఱచి నిలువబెట్టు స్థలము. అట్టిచోట లక్షణములనుబట్టి ఇది ఏడీహెచ్‌డీయని వేఱుచేసి పేరుపెట్టుటయే కష్టము. బహుశః ఎన్నో పుట్టుకలుగల కోపములను ఒకే సంచిలో వేసి ఒకే మందు పోసి చూచిరి.

దీనిని చదివి మందు దండుగ యని తీర్మానించువారికి, స్వీడన్‌వారిదే మఱియొక లెక్క చెప్పవలెను. పాల్ లిక్టెన్‌స్టైన్ బృందము 2012లో న్యూ ఇంగ్లండు వైద్యపత్రికలో ప్రకటించిన పరిశీలనయందు 25,656 మంది ఏడీహెచ్‌డీ రోగుల జాతీయ నమోదులను చూచి, ప్రతిమనిషిని ఇతరులతో కాక తనతోనే పోల్చిరి: మందు వాడుచున్న కాలమున, వాడని కాలమున. మందు వాడుచున్న కాలమున పురుషులలో నేరములు 32 శాతము, స్త్రీలలో 41 శాతము తక్కువగా నున్నవి. నేరమును ఉద్రేకముతో సమానము చేయరాదు. మందు వాడుటకు బుద్ధిపుట్టిన కాలమున మనిషి ఇతరవిధముల కూడ బాగుపడుచుండవచ్చును. ఐనను తనకు తానే ప్రమాణమైన మనిషిలో కనబడిన భేదమును త్రోసివేయుట సులభము కాదు.

మరి యింకేవి మందులు? మొదట రక్తపుపోటుకు వాడిన గ్వాన్‌ఫసీన్ నుదుటిభాగపు నోరడ్రినలిన్ గ్రాహకములపై నేరుగా పనిచేయును. దానిని పెద్దవారికి జపాను దేశము అనుమతించినది. తిరస్కారమును తాళలేకపోవుటను ప్రత్యేకవ్యాధిగా పేరుపెట్టి, దానికి ఇట్టి మందులే దివ్యౌషధములని కొందఱు ప్రచారము చేయుచున్నారు. ఆ పేరు రోగనిర్ణయ గ్రంథములలో లేదు, ఆ ప్రచారమును నిలుపదగిన నియతప్రయోగము లేదు. రోగులకు ఆ పేరు ఊఱట నిచ్చుచున్నదని నే నెఱుగుదును. ఊఱట వేఱు, రుజువు వేఱు. మాటలతో చేయు చికిత్స సంగతి యేమన్నచో, జర్మనీలో 400 మందికి పైగా పెద్దవారిపై ఏడాదిపాటు జరిగి 2015లో వెలువడిన ప్రయోగమున, సాముదాయిక మానసికచికిత్స సాధారణ వైద్యసలహాకంటె ఏడీహెచ్‌డీ లక్షణములలో మిన్నగా తేలలేదు. మిథైల్‌ఫెనిడేట్ మాత్రము ఉత్తమాత్రకంటె మిన్నగా తేలెను.

మనదేశమున మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూలు ఎక్స్ మందు. వైద్యుడు చీటీ రెండు ప్రతులు వ్రాయవలెను. దుకాణదారుడు ఒక ప్రతిని రెండేండ్లు దాచవలెను. అన్ని దుకాణములలోను దొరకదు. హైదరాబాదు, విశాఖపట్టణములవంటి నగరములలో దొరకును గాని, ‘పెద్దవానికి పిల్లల జబ్బేమిటి?’ అని మొదటనే ఎదురగు ప్రశ్నను దాటి ఆ చీటీ చేతికి వచ్చుట మఱియొక ప్రయాస. ముక్కుమీద కోపమున్నవాడు ఆస్పత్రికి పోయి తనకు కోపమున్నదని చెప్పుట అసలే తక్కువ. చెప్పువారు భార్యలు, తల్లులు, తోడి ఉద్యోగులు. ప్రయోగములలో రోగి నింపు పట్టికలకును ఇంటివారు నింపు పట్టికలకును పొందిక లేకపోవుటలో వింత లేదు. పొంగిన పాలను చూచినవాడు ఒకడు, పొయ్యి తుడిచినవాడు మఱియొకడు.

దుష్ఫలితములను కూడ చెప్పవలెను: నాడి వేగిరపడుట, రక్తపుపోటు పెరుగుట, ఆకలి చచ్చుట, నిద్ర దూరమగుట. హృద్రోగమున్నవారికి వైద్యుడు విచారించియే ఇచ్చును. కాని కోపము దృష్టిలో అన్నిటికంటె చిక్కైనది గడియారము. ఉదయము ఎనిమిదింటికి పుచ్చుకొన్న దీర్ఘఫలప్రద మాత్ర కార్యాలయమున కాగితములకు తోడుపడి, సాయంకాలము ఆఱు ఏడింటికి ఇగిరిపోవును. అప్పుడు పలువురిలో చిఱాకు మందు లేనప్పటికంటెను హెచ్చుగా ఒక గంటసేపు పైకి లేచును. ఇంటివారు ఎదురుపడు గంటయు అదియే. ప్రయోగశాలలో వారమున కొకసారి పగటిపూట అడుగు ప్రశ్నల కా గంట అందదు. దానిని దాటించుటకు కొందఱు వైద్యులు మధ్యాహ్నమున మఱియొక చిన్నమోతాదు చేర్చుదురు. చేర్చినచో రాత్రి నిద్ర ఆలస్యమగును. నిద్ర చాలని మనిషి మఱునాడు చెప్పులు విడువకముందే పొంగును. కావున ఆ చిన్నమాత్ర మూడింటికా, నాలుగింటికా యన్నది ఏ పట్టికయందును లేదు. రోగియు వైద్యుడును, వారిద్దఱికంటె ముఖ్యముగా కరెంటు బిల్లు సంగతి అడుగు ఇల్లాలును, రెండు మూడు వారములు కనిపెట్టి చూచి నిర్ణయించుకొనవలసియుండును.